అంథూసా అని పిలిచిన మధ్యాహ్నం

సీరోస్ దీవిలో ఓడ ఆగిన ఏడు గంటల్లో నేనొక ముసలమ్మకి ఒకే ఒక్క అబద్ధం చెప్పాను. అబద్ధాలు నాకు కొత్త కాదు. పిరేయస్‌లో ముప్పై నాలుగేళ్లుగా ఆడవాళ్ల జుట్టు కత్తిరించి, రంగు వేసి బతుకుతున్నదాన్ని. "పదేళ్లు తగ్గిపోయావమ్మా, మీ ఆయన గుర్తుపట్టడు పో" అని రోజుకి పదిమందికైనా చెబుతాను. అందులో తొమ్మిదిమందిని వాళ్లాయన అసలు తలెత్తి చూడడు, కాబట్టి నష్టం లేదు. ఈ అబద్ధం అలాంటిది కాదు. అందుకే చెప్పుకుంటున్నాను.

ఓడ ప్రయాణం మా ఆయన లెఫ్తేరిస్ సరదా. పెళ్లయి ముప్పై ఏళ్లయింది, ఒక్క వారమైనా ఎవరో వండి పెడితే తిందామన్నాడు. ముప్పై ఏళ్లుగా వండి పెడుతున్నది నేను కానట్టు! పిరేయస్ రేవులో పుట్టి ఓడెక్కి షికారుకి వెళ్లడమంటే చేపలమ్మేవాడు హోటలుకెళ్లి చేపలు కొనుక్కు తిన్నట్టుంటుందని ఎంత చెప్పినా వినలేదు. తీరా ఎక్కాక మూడు రోజులూ భోజనాల హాలు దాటి ఇవతలికి రాలేదు.

సీరోస్‌లోని ఎర్మూపొలి రేవులో ఓడ పదింటికి ఆగింది. మళ్లీ అయిదింటికి కదులుతుందన్నారు.

"దిగుదాం పద" అన్నాను.

"నువ్వెళ్లిరా స్తమాతీనా. ఆ ఊరంతా మెట్లే. నా మోకాళ్లు దూరం నుంచి చూసే ఏడుస్తున్నాయి. పైగా పన్నెండింటికి ఇక్కడ పుచ్చకాయ పెడతారట."

"నీ పుచ్చకాయ పాడుగాను" అని ఒక్కదాన్నే దిగాను.

దిగేవాళ్లందరి గుండెల మీదా నంబరు బిళ్లలు అంటించారు. నాది పద్నాలుగు. ముందు ఒక పిల్ల పసుపు జెండా పట్టుకుని నడుస్తోంది, వెనకాల జనం బిలబిల్లాడుతూ నడుస్తున్నారు. నా దేశంలో నేను పద్నాలుగో నంబరేమిటని ఒళ్లు మండింది. మొదటి మలుపులోనే బిళ్ల పీకి పారేసి పక్క సందులోకి తిరిగాను.

అక్కణ్ణుంచి ఎటు వెళ్లానో సరిగ్గా చెప్పలేను. మూడు రోజులు నీళ్ల మీద ఉన్నానేమో, నేల మీద అడుగు పెట్టినా అది నా కింద మెల్లగా ఊగుతూనే ఉంది. ఈ ఊళ్లో వీధులకి పాలరాయి పరిచారు. ఎన్ని తరాల చెప్పులు అరగదీశాయో, రాయి మీద ఎండ పడితే తడిగా కనిపిస్తుంది. నీళ్లున్నాయనుకుని నేను రెండుసార్లు గౌను అంచు ఎత్తి పట్టుకుని నడిచాను. ఇటు తలుపులు గులాబీ రంగు, అటు గోడలు నిమ్మపండు రంగు, కిటికీ రెక్కలన్నీ మూసి ఉన్నాయి. ఎక్కడో లోపల ఎవరో పియానో మీద ఒకే వరస మళ్లీ మళ్లీ తప్పు వాయిస్తున్నారు. ఆ తప్పు దగ్గరికి వచ్చేసరికి నా కాళ్లు కూడా ఆగేవి. ఆ వరస సరిగ్గా వస్తే బాగుండునని కాసేపు నిలబడ్డాను, రాలేదు. మళ్లీ నడిచాను. ఎవరూ నన్ను ఎరగరు, ఎవరికీ నాతో పని లేదు. ఇంత తేలిగ్గా నేను ఎప్పుడు నడిచానో గుర్తులేదు.

ఎదురొచ్చేవాళ్లందరి చేతుల్లోనూ వాసిలికో కొమ్మలు కనిపించాయి. తులసికి చుట్టం లాంటి మొక్క అది, వాసన ఇంకొంచెం ఘాటు. అప్పుడు గుర్తొచ్చింది, ఇవాళ సెప్టెంబరు పద్నాలుగు, సిలువ పండగ. గుళ్లో ప్రసాదంగా ఆ కొమ్మలు పంచుతారు. ఓడలో తారీఖులుండవు, భోజనాలే ఉంటాయి. పండగ మర్చిపోయినందుకు సిగ్గేసింది.

సిగ్గు తీర్చుకోవడానికి ఒక మిఠాయి కొట్లోకి దూరి లుకూమి కొన్నాను. గులాబీ వాసన వేసే మెత్తటి ముక్కలు. ఈ ఊరికి అదే పేరు. పండగ రోజు ఉపవాసం కాబట్టి వెన్న, పాలు తగలనివి ఇవే. కొట్లో పిల్ల డబ్బా మీద కాగితం చుట్టి రిబ్బను ముడి వేస్తోంది.

"అది మా ఇంటికే అమ్మా, పెళ్లివారికి కాదు. రిబ్బను ఎందుకు?"

"మీ ఇంటికైతే మాత్రం? మీ మీద మీకు గౌరవం లేదేంటి?" అంది ఆ పిల్ల తలెత్తకుండానే.

నోరు మూసుకుని రిబ్బను డబ్బా పట్టుకుని బయటికొచ్చాను. మెట్లు ఎక్కడం మొదలుపెట్టాను. ఈ ఊళ్లో వీధి అయిపోతే మెట్లు, మెట్లు అయిపోతే ఇంకొన్ని మెట్లు. ఎక్కుతూ ఎక్కుతూ వెనక్కి తిరిగితే కింద మా ఓడ తెల్లగా కనిపించింది. అంత పెద్ద ఓడ అక్కణ్ణుంచి సబ్బుబిళ్లంత ఉంది. ఒంటిగంట దాటింది. ఊపిరి అందక ఒక ఇంటి గుమ్మం దగ్గర నిలబడిపోయాను. రెండు రెక్కల తలుపు బార్లా తీసి ఉంది. నేను చేసిన పొరపాటు అక్కడ నిలబడటమే. ఎందుకంటే చేతిలో రిబ్బను కట్టిన డబ్బా ఉంది, పండగ రోజు, ఎదురుగా తెరిచిన తలుపు. మా దేశంలో పేరు పండగనాడు ఎవరినీ పిలవరు. ఆ రోజు పండగ ఏ పేరు మీదుందో ఆ పేరున్నవాళ్లు తలుపు తీసి కూర్చుంటారు, రావాలనుకున్నవాళ్లు వస్తారు. వచ్చినవాణ్ణి నువ్వెవరని అడగడం కన్నా అమర్యాద ఇంకోటి లేదు.

లోపల్నుంచి అరవై ఏళ్లావిడ పళ్లెం చేత్తో పట్టుకుని వచ్చింది. తర్వాత తెలిసింది, ఆవిడ పేరు రినియో, ఆ ఇంటి కూతురు.

"రండి, రండి. గుమ్మంలో నిలబడ్డారేంటి?"

"అబ్బే, కాస్త ఊపిరి తీసుకుందామని..."

"లోపల కూడా ఊపిరి ఉంది, మాకు సరిపోగా మిగిలింది" అంటూ డబ్బా అందుకుని, మోచేత్తో నన్ను లోపలికి తోసేసింది.

లోపల చల్లగా ఉంది. కిటికీ రెక్కల సందుల్లోంచి ఎండ గీతలు గీతలుగా నేల మీద పడుతోంది. పది పన్నెండుమంది గోడల వెంబడి కుర్చీల్లో కూర్చుని ఉన్నారు. ఎవరూ నన్ను వింతగా చూడలేదు, జరిగి చోటిచ్చారు. ఎదురుగా తలుపుకేసి తిప్పిన పెద్ద కుర్చీలో నల్లబట్టల ముసలమ్మ కూర్చుని ఉంది. పండగ ఆవిడదే. పేరు స్తవ్రూలా, సిలువ మీద పెట్టిన పేరే.

వచ్చాక దీవించకుండా ఎలా కూర్చుంటాను? దగ్గరికెళ్లి చెయ్యి పట్టుకుని "నిండా నూరేళ్లు బతకాలమ్మా" అన్నాను.

"నాకు ఎనభయ్యారు. అంటే ఇంక పద్నాలుగేళ్లేనా ఇచ్చింది? ఎవరే ఈ పిసినారి?" అందావిడ.

గది గదంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆవిడ కళ్లు రెండూ పొరలు కమ్మి పాలనీళ్లలా ఉన్నాయి, అయినా నా ముఖం ఎక్కడుందో అక్కడికే చూస్తోంది.

"ఎక్కణ్ణుంచి వచ్చావు తల్లీ?"

"పిరేయస్ నుంచి. ఇవాళే ఓడ దిగాను."

గదిలో నవ్వు ఎవరో చేత్తో తీసేసినట్టు ఆగిపోయింది. రినియో చేతిలో పళ్లెం మీద గ్లాసులు ఒకదానికొకటి తగిలాయి. ముసలమ్మ మాత్రం నా చెయ్యి కాసేపు పట్టుకుని, తన పక్కన ఖాళీగా ఉన్న కుర్చీ చూపించింది. అంత జనంలో అందరూ ఇరుక్కు కూర్చున్నా ఆ కుర్చీలో ఎవరూ కూర్చోలేదని అప్పుడు నాకు తట్టలేదు. కాళ్లు లాగుతున్నాయి, కూర్చున్నాను.

నా అవతలి పక్క ఒక బక్కపల్చటి ముసలాయన, లెయనార్దోస్. ఎదురు కొండ మీదుండే కతోలికుల మనిషట. "రెండు కొండల పండగలూ ఈయన పొట్టలోనే జరుగుతాయి" అంది రినియో ఆయనకి లుకూమి పెడుతూ. ఆయన ఆ మాటకి చిన్నబుచ్చుకోలేదు, రెండోది కూడా తీసుకున్నాడు. తర్వాత నాకేసి వంగి గొంతు తగ్గించాడు.

"మీ అమ్మ నీకేం చెప్పిందో నాకు తెలీదు. నిజం కావాలంటే నా దగ్గర వినాలి. ఆ రోజు నేను గుడి బయటే ఉన్నా."

"బాబాయ్, మీరు పొరపాటు పడు..."

"పెద్దవాడు మాట్లాడుతుంటే అడ్డు రాకు. లుకూమి తిను."

నోట్లో లుకూమి పెట్టుకున్నాక ఎవరూ మాట్లాడలేరు. ఆయన చెప్పుకుపోయాడు.

"స్తవ్రూలా, మీ అమ్మ కల్లియోపి, ఇద్దరూ అక్కచెల్లెళ్లు, ఒకే దుప్పట్లో పెరిగారు. నువ్వు పుట్టిన చలికాలమే వాళ్లమ్మ పోయింది. ఆవిడ పేరు అంథూసా. మా దీవుల్లో మొదటి ఆడపిల్లకి అమ్మమ్మ పేరు పెడతారు. మీ నాయనమ్మేమో బయటి ఊరి నుంచి వచ్చిన మనిషి, వాళ్ల వైపు నాయనమ్మ పేరే పెట్టాలి. ఆవిడ పేరు ఎవ్యేనియా. ఇంట్లో పెద్ద రభస. ఆఖరికి మీ అమ్మ సరేనంది. బాప్తిస్మంలో బిడ్డని ఎత్తుకునే జ్ఞానతల్లిగా స్తవ్రూలా ఉండాలి, పేరు ఎవ్యేనియా అనాలి. స్తవ్రూలా మాటిచ్చింది. నీకు తెలుసుగా, పేరు చెప్పేది జ్ఞానతల్లే. కన్నతల్లికి కూడా అక్కడ నోరుండదు."

తెలుసన్నట్టు తలూపాను. ఆ తలూపడమే మొదటి తప్పు.

"పాద్రిగారు పేరేమిటని అడిగాడు. స్తవ్రూలా నోరు తెరిచి అంథూసా అంది. అంతే! మూడుసార్లు నీళ్లలో ముంచాక దేవుడు కూడా ఆ పేరు తియ్యలేడు. మీ నాయనమ్మ ఏం చేసిందో తెలుసా? స్తవ్రూలా నీ మెళ్లో వేసిన బంగారు సిలువ తీసి, తిరిగి ఆవిడ చేతిలోనే పెట్టి వెళ్లిపోయింది. ఆ వారంలోనే మీ అమ్మా నాన్నా పిరేయస్ వెళ్లిపోయారు. యాభైమూడేళ్లు. ఉత్తరం లేదు, పత్రం లేదు."

"తర్వాత?"

"తర్వాతేముంది? ప్రతి ఏడూ ఈ రోజు పొద్దున్నే తలుపు తీస్తుంది. చీకటి పడేదాకా వెయ్యదు. పేరు పండగకి పిలుపు అక్కర్లేదు కదా, శత్రువైనా రావచ్చు. మీ అమ్మ పోయిందని ఆరేళ్ల క్రితం విన్నాం, రెండు రోజులు అన్నం ముట్టలేదు. ఇంక మిగిలింది నువ్వే. ఆవిడకి నీ నుంచి ఏమీ అక్కర్లేదు. నిన్ను ఏమని పిలిచి పెంచారో తెలిస్తే చాలు. అంథూసా అనా, ఎవ్యేనియా అనా? ఆ ఒక్క ముక్క కోసమే బతికి ఉంది."

అప్పుడే లేచి, అమ్మా నేను మీ మనిషిని కాను, దారి తప్పి వచ్చాను అనేస్తే పోయేది. ఎందుకు అనలేదని నన్ను నేను చాలాసార్లు అడుక్కున్నాను. గది కొంచెం ఊగుతూనే ఉంది నాకు. చెర్రీ సారా ఒక చిన్న గ్లాసు పడింది లోపల. వాసిలికో వాసన, ఎండ గీతలు, చుట్టూ తెలియని ముఖాలన్నీ నాకేసి ప్రేమగా చూడటం. నా కోసం యాభైమూడేళ్లు ఎవరో తలుపు తీసి పెట్టారట! నాది కాకపోయినా ఆ మాట వింటుంటే హాయిగా ఉంది. మా ఇంట్లో నా కోసం ఎవరైనా ఎదురు చూశారంటే అది భోజనం వేళకే. ఇంకొక్క నిమిషం కూర్చుందాం అనుకున్నాను. అలా అనుకుంటూ ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. వాళ్లు పెట్టినవన్నీ తిన్నాను, వాళ్ల నవ్వులన్నీ నవ్వాను.

ముసలమ్మ నా వైపు తిరిగింది. రెండు చేతులూ చాచి నా ముఖం తడిమింది. నుదురు, ముక్కు, గెడ్డం. తర్వాత చేతులు పట్టుకుని వేళ్లు తడిమింది.

"ఈ గరుకేంటే?"

"జుట్టుకి రంగులు వేస్తానమ్మా. ఆ మందులకి అలా అయ్యాయి."

"పని చేసుకుని బతుకుతున్నావన్నమాట. మంచిది" అంది. "నేను ఏం అడుగుతానో నీకు తెలుసు."

రినియో వంటింటి గుమ్మంలో పళ్లెం గుండెకి ఆనించుకుని నిలబడింది.

"తెలుసు" అన్నాను.

"అయితే చెప్పు. ఏమని పిలుస్తారు నిన్ను?"

"అంథూసా" అన్నాను.

ముప్పై నాలుగేళ్ల అలవాటు. ఎదుటి మనిషికి ఏది కావాలో అది ఇవ్వడం. నోట్లోంచి దానంతటది వచ్చేసింది.

ఎవరో గట్టిగా ఏడ్చారు, ముసలమ్మ కాదు, లెయనార్దోస్. గ్లాసులు నిండాయి, అందరూ లేచి నన్ను ముద్దులు పెట్టుకున్నారు. ఎవరిదో మీసం గుచ్చుకుంది, ఎవరిదో కన్నీరు నా చెంపకంటింది.

"ఇంట్లో కూడానా?" అంది ముసలమ్మ. "మీ నాయనమ్మ ముందు కూడానా?"

"అమ్మ అలాగే పిలిచేది."

ఒక్క అబద్ధమని మొదట చెప్పాను కదా, దానికి అప్పుడే పిల్ల పుట్టింది. ముసలమ్మ కళ్లలోంచి నీళ్లు ధారగా కారాయి. తుడుచుకోలేదు. రినియో చేత పెట్టెలోంచి చిన్న గుడ్డమూట తెప్పించి, విప్పి, గోరంత బంగారు సిలువ నా మెళ్లో వేసింది. పసిపిల్ల గొలుసు. నా మెడకి చాలక రినియో దారం ముక్క కలిపి ముడి వేసింది. "నోనా అను ఒకసారి" అందావిడ. మేము జ్ఞానతల్లిని అలాగే పిలుస్తాం.

"నోనా" అన్నాను. కుడితిలో పడ్డ ఎలుక గతే నాది, ఎటు ఈదినా కుడితే.

అప్పుడావిడ వెనక్కి వాలింది. కుర్చీ పట్టుకుని ఉన్న వేళ్లు ఒక్కొక్కటే వదులయ్యాయి. అప్పటిదాకా నిటారుగా కూర్చున్న మనిషి చూస్తుండగానే కుదించుకుపోయింది.

"రినియో, తలుపు వేసెయ్యి."

"ఇంకా మూడున్నరేనమ్మా. జనం వస్తారు."

"నాకు రావలసినవాళ్లు వచ్చేశారు. నా పని అయిపోయింది. వెయ్యి."

జనం ఒక్కొక్కరే లేచారు. నేనూ ముద్దు పెట్టి లేచాను, ఓడ వేళవుతోందన్నాను. ఆవిడ కళ్లు మూసుకుంది. గుమ్మం దగ్గర రినియో నా భుజం పట్టుకుంది. సంతోషిస్తుందనుకున్నాను, కాని ఆవిడ ముఖం పాలిపోయి ఉంది.

"ఏమనుకోకు చెల్లీ. నువ్వొచ్చావు, దేవుడు నిన్ను చల్లగా చూడాలి. కాని నాకు భయమేస్తోంది. మూడు చలికాలాలుగా డాక్టరు ఆశ వదులుకోమంటున్నాడు. ఈవిడేమో 'సెప్టెంబరు దాకా ఉంటానే, పండక్కి ఎవరొస్తారో చూడాలి' అనేది. ఉండేది కూడా. ఇప్పుడేమందో విన్నావుగా?"

విన్నాను. బయటికొచ్చి పది మెట్లు దిగానో లేదో వెనకాల గడియ పడిన చప్పుడయింది. ఎదురింటి మేడ మీద మొక్కలకి నీళ్లు పోస్తున్నావిడ డబ్బా పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"ఓసి దేవుడా" అంది నాకేసి చూసి. "పండగనాడు పగలు ఆ తలుపు మూయడం నా జన్మలో చూడలేదు. స్తవ్రూలా బాగానే ఉందా?"

"బాగానే ఉంది" అన్నాను. అది మూడోది.

ఫోను మోగింది. లెఫ్తేరిస్.

"ఎక్కడ చచ్చావే? నాలుగున్నరకల్లా ఎక్కెయ్యాలట. నీ కోసం పుచ్చకాయ ముక్క దాచాను."

"వస్తున్నా" అని పెట్టేశాను. కింద ఓడ ఒకసారి కూసింది. ఆ కూత కొండలకి తగిలి ఆలస్యంగా తిరిగొచ్చింది. మెట్ల మీద ఎండ తగ్గలేదు, పాలరాయి ఇంకా తడిగానే మెరుస్తోంది. పొద్దున నడిచిన ఊరే, ఇప్పుడు కాళ్ల కింద రాయి ఊగడం మానేసింది.

మెళ్లో సిలువ చర్మానికి తగులుతోంది. దాని సొంతదారు పిరేయస్‌లో ఎక్కడో ఉంటుంది. యాభైమూడేళ్ల మనిషి. నా దగ్గరికి జుట్టు కత్తిరించుకోవడానికి వచ్చి ఉన్నా వచ్చి ఉంటుంది, ఎవరికి తెలుసు? తల్లి పోయాక, ఇంక ఎవరి మీద పంతం అని ఒక రోజు అనుకోవచ్చు. వచ్చే ఏడాదో, ఈ సాయంత్రమో ఓడెక్కి రావచ్చు. వచ్చి ఈ మెట్లెక్కితే మూసిన తలుపు ఉంటుంది. ఆవిడ చెప్పాల్సిన మాట నేను చెప్పేశాను, ఆవిడ కుర్చీలో కూర్చుని ఆవిడ పండగ నేను తినేశాను. లోపల ఒక ముసలి ప్రాణం ఇంక ఎదురుచూడటానికి ఏమీ లేదని కళ్లు మూసుకుంది. ఛీ, ఏం బతుకే నీది స్తమాతీనా! అడుసు తొక్కనేల, కాలు కడగనేల? తొక్కావు కాబట్టి ఇప్పుడు కడుక్కో అని నన్ను నేను తిట్టుకుని వెనక్కి తిరిగాను. దిగినవి పదే మెట్లు, ఎక్కేటప్పుడు మాత్రం వందలా తోచాయి. ఆ సాయంత్రం ఓడ అందుకున్నాననుకోండి, నిచ్చెన తీసేస్తుండగా. అప్పుడు మాత్రం దాని సంగతే గుర్తులేదు.

తలుపు బాదాను. రినియో గడియ తీసి "ఏదైనా మర్చిపోయావా?" అంది. నేరుగా లోపలికి నడిచాను. మెళ్లో దారం ముడి ఊడదీస్తే రాలేదు, పళ్లతో కొరికి తెంపాను. ముసలమ్మ కుర్చీ పక్కన, నేనిందాక కూర్చున్న చోటే కూలబడి, సిలువ ఆవిడ అరచేతిలో పెట్టాను.

వేళ్లు ముడుచుకున్నాయి. అదేమిటో తడిమి చూసుకోకుండానే తెలిసిపోయింది ఆవిడకి. కళ్లు తెరిచింది.

"మళ్లీనా?" అంది. "మళ్లీ నా చేతిలోనే పెట్టారా?"

ఆ గొంతు నేను బతికినంత కాలం మర్చిపోను.

"లేదమ్మా. ఎవరూ తిరిగి ఇవ్వలేదు. ఇది నాది కాదు, అందుకు. నేను మీ చెల్లెలి కూతుర్ని కాను. నా పేరు స్తమాతీనా. ఓడలో షికారుకి వచ్చాను. మీ గుమ్మంలో ఊపిరి కోసం నిలబడితే లోపలికి రమ్మన్నారు. కథంతా ఆ ముసలాయన చెప్పాడు. మీ ముఖం చూస్తే కాదనబుద్ధి కాలేదు. అబద్ధం చెప్పాను."

రినియో కేక వేసింది. "సిగ్గు లేదూ నీకు? మా అమ్మ కన్నీళ్లతో ఆడుకుంటావా? తిని, తాగి, నోనా అని కూడా అన్నావు! నీకసలు తల్లి ఉందా? లే, నడు బయటికి!"

"తిట్టమ్మా, తిట్టు" అన్నాను. నాకు ఏడుపొచ్చేసింది. ఎవరి ముందూ ఏడవను నేను, మా అమ్మ పోయినప్పుడు కూడా ఒంటరిగానే ఏడ్చాను.

"నువ్వుండవే" అంది ముసలమ్మ కూతురితో.

నాకేసి తిరిగింది. శపిస్తుందనుకున్నాను. శపిస్తే నెత్తిన వేసుకుని పోదామనే కూర్చున్నాను.

"నువ్వు కల్లియోపి కూతురివి కావు."

"కాదమ్మా."

"దాని కూతుర్నెప్పుడైనా చూశావా?"

"లేదు. ఎవరో కూడా తెలీదు."

"దాన్ని ఏమని పిలుస్తారో నీకు తెలీదు."

"ఒట్టు. తెలీదు."

ఆవిడ సిలువ ఉన్న చెయ్యి గుండె మీద పెట్టుకుని ఏదో లెక్క చూసుకుంటున్నట్టు పెదాలు కదిపింది. తర్వాత రెండో చేత్తో కుర్చీ పట్టుకుంది. నడుము లేచింది. మెడ నిలబడింది. ఇందాక నా కళ్లముందు ముడుచుకుపోయిన మనిషి అంగుళం అంగుళం పైకి లేచి, మళ్లీ నిటారుగా కూర్చుంది.

"అయితే అది ఇంకా రావాల్సే ఉంది" అంది.

రినియో నోరు తెరిచి చూస్తోంది.

"అలా గుడ్లప్పగించి చూస్తావేమే? తలుపు వేసి కూర్చుంటే వచ్చే పిల్ల ఏ ఇల్లని వెతుక్కుంటుంది? తియ్యి, రెండు రెక్కలూ తియ్యి. గ్లాసులు కడుగు, ఎంగిలివి పెడతావా దానికి?" తర్వాత నా భుజం మీద చెయ్యేసింది. మెత్తగానే వేసింది, తోసింది మాత్రం గట్టిగా. "నువ్వు లే తల్లీ ఆ కుర్చీలోంచి. అది దానిది."

లేచాను. రినియో కళ్లు తుడుచుకుంటూ వెళ్లి రెండు రెక్కలూ బార్లా తీసింది.